వీధి సంగతులు రాసే సిస్టరు

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. అవతల, మేము నాలుగేళ్ళు కాపురమున్న గోధుమల ఊళ్ళో మాంసం కొట్టు నడిపే ముసలాయన.

"మేట్, ఆస్పత్రిలో మిగిలిన ఆరు మంచాలూ నిన్న లారీ ఎక్కించేశారు. వార్డుకి తాళం వేశారు," అన్నాడు.

ఎవరైనా పోయారని చెబితే ఏమనాలో తెలుసు. మంచాలు పోయాయంటే ఏమనాలో తోచలేదు. "ఎంత లారీ?" అని అడిగాను. సిడ్నీ పక్క గిరావీన్‌లో, నా కొట్టులో పప్పు బస్తాల మధ్య నిలబడ్డ నా నోటి నుంచి అంతకన్నా మంచి మాట రాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ ఆరు మంచాలూ ఒకప్పుడు నేను బేరమాడి నిలబెట్టినవి. ఒకావిడ దాచమని చెప్పిన ఒకే ఒక్క సంగతిని ఇచ్చి, వాటిని తీసుకున్నాను. ఇప్పుడు మంచాలూ లేవు, ఆవిడా లేదు.

మాది తెనాలి. మా తాతది కొట్టు, మా నాన్నది కొట్టు, ముగ్గురు మేనమామలవీ మూడు కొట్లు. నేనొక్కణ్ణే చదువుకుని బాగుపడతానని ఇంటిల్లిపాదీ ఆశపడ్డారు. డాక్టరమ్మను పెళ్ళి చేసుకుని, ఆవిడ ఉద్యోగం వెంట ఆస్ట్రేలియా వచ్చి, మళ్ళీ కొట్టే పెట్టాను. ఎనభైల చివర మా ఆవిడకి పోస్టింగు ఇచ్చిన ఊరు సిడ్నీ నుంచి ఏడు గంటల దారి. స్టేషనుంది, రైలు ఆగదు. గోధుమలు నింపే సైలోలు, ఒక పబ్బు, రెండు చర్చీలు, గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట క్లబ్బు, పన్నెండు మంచాల ఆస్పత్రి. వీధి మూల మీద పాలూ బ్రెడ్డూ అమ్మే కొట్టొకటి ఖాళీగా ఉంటే నేను తీసుకున్నాను.

తెరిచిన మొదటి సోమవారం, తెల్ల యూనిఫారంలో ఒక పొట్టి మనిషి లోపలికొచ్చింది. యాభై దాటి ఉంటాయి. ముడిలో గుచ్చుకున్న పెన్సిలు తీసి, "ఏమయ్యా షావుకారూ, ఏంటి విశేషాలు?" అంది.

అచ్చంగా బాపట్ల పక్క తెలుగు. కొత్తగా చేరబోయే డాక్టరమ్మ తెలుగావిడని ఆస్పత్రిలో ముందే విందిట. చుట్టూ వంద మైళ్ళలో మా ఇద్దరం తప్ప తెలుగువాళ్ళు ఉండరనుకున్న నాకు నోట మాట రాలేదు.

"మూగవాడివా? మూగవాడు కొట్టెట్టా నడుపుతాడు?"

"విశేషాలేం లేవండీ," అన్నాను.

"ఏమీ జరగలేదనేవాడు అబద్ధమన్నా ఆడుతుంటాడు, లేకపోతే వాణ్ణి ఎవరూ సరిగ్గా అడిగుండరు. చెప్పు. నువ్వెవరు, ఎక్కణ్ణుంచి, ఆ అరటిపళ్ళు ఎందుకు నల్లబడ్డాయి?"

పావుగంటలో నా పుట్టుపూర్వోత్తరాలు ఒక కాగితం వెనక్కి ఎక్కాయి. ఆస్పత్రిలో రోగులకి ఏం పెట్టాలో రాసే చీటీ అది. ముందువైపు 'ఉప్పు లేని సూపు' అనుంది.

ఆవిడ ఆ ఆస్పత్రిలో సిస్టరు. దానికి తోడు, అరవై కిలోమీటర్ల అవతల అచ్చయ్యి గురువారం గురువారం వచ్చే వారపత్రికలో మా ఊరి సంగతులు రాసేది. ఆ పని ఆవిడకి వచ్చిన తీరు కూడా విచిత్రమే. అంతకుముందు రాసే ముసలి పంతులమ్మ తుంటి విరగ్గొట్టుకుని వార్డులో పడుకుని, ఈవిడ చేత చెప్పి రాయించింది. పంతులమ్మ పోయింది. ఆ వారం కూడా సంగతులు అచ్చయ్యాయి. ఆ పై వారం కూడా. రాస్తున్నది బాపట్ల మనిషని పత్రిక ఎడిటరుకి తెలియడానికి ఎనిమిది నెలలు పట్టిందిట.

పెద్ద సంగతులేం కావు. ఫలానావాళ్ళ తమ్ముడు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళాడు. మందుల షాపు పెరట్లో కొలత గొట్టంలో ఇంత వాన పడింది. ఒకసారి ఇలా రాసింది: పోస్టాఫీసు వాళ్ళ పిల్లి దొరికింది, అది తప్పిపోలేదు, పక్కింట్లో భోంచేస్తోంది. గురువారం నా కొట్టుకి పత్రిక కట్టలు రాగానే జనం మొదటి పేజీ తిప్పేసి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. ప్రధానమంత్రి సంగతి వాళ్ళకి టీవీలో తెలుసు. పిల్లి సంగతి ఇందులోనే తెలిసేది.

సోమవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఆవిడ వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేది. ప్రతి గడపా ఎక్కేది. ఎవరైనా కథ సాగదీస్తే, గుండెల మీద తలకిందులుగా వేలాడే నర్సుల గడియారం పైకెత్తి చూసేది. అంతే, అవతలి మనిషి కల్పన ఆపి అసలు సంగతికి వచ్చేవాడు. చివర నా కొట్టు. టీ ఇస్తే నిలబడే తాగేది. కుర్చీ వేస్తే, "కూర్చుంటే నేను చుట్టాన్నవుతాను. చుట్టానికి ఎవరూ నిజం చెప్పరు," అనేది.

ఒక పద్ధతి మాత్రం ప్రాణం పోయినా తప్పేది కాదు. ఎవరి గురించి రాసినా, ఆ మనిషికి చదివి వినిపించి, "వేసుకోనా?" అని అడిగేది. సరేనంటేనే అచ్చుకి. పిల్లి సంగతికి కూడా రెండిళ్ళకీ వెళ్ళి చదివింది.

మేం వెళ్ళిన రెండో ఏడు, ఊరి బయట ఒక రైతు బాకీ తీర్చలేక పొలం సామానంతా వేలానికి పెట్టాడు. ట్రాక్టర్లు, నాగళ్ళు, కంచె వైర్లు గడ్డిలో వరసగా పేర్చారు. నేను చవగ్గా తూకం యంత్రమేదైనా దొరుకుతుందేమోనని వెళ్ళాను. దాచడమెందుకు, అందుకే వెళ్ళాను. ఆవిడ కంచె దగ్గర ఆ రైతుకి ఎదురుగా నిలబడి, రాసుకున్న నాలుగు వాక్యాలూ చదువుతోంది. ఆయన టోపీ చేతిలో పట్టుకుని విన్నాడు.

"ఏమన్నా మార్చమంటారా?" అంది.

ఆయన టోపీ తలకి పెట్టుకున్నాడు. "కుక్క అమ్మకానికి లేదని రాయండి," అన్నాడు.

ఆవిడ రాసి, ఆ వాక్యం కూడా చదివి వినిపించింది; ఆయన తలూపాడు. గురువారం అలాగే వచ్చింది. ఆ వేలం గురించి ఊళ్ళో ఎవరు మాట్లాడినా కుక్క దగ్గర మొదలుపెట్టేవాళ్ళు. బాకీ ఊసు ఎత్తే పని లేకుండా ఆయన్ని పలకరించడానికి అందరికీ ఒక దారి దొరికింది. అది ఆవిడ తెలిసి చేసిందో, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసిందో నాకు తెలియదు.

నా బుద్ధి నాది. అంతమంది చదివే చోట నా కొట్టు మాట ఒకటి పడితే బాగుండునని నా ఏడుపు. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒక వార్త తయారుచేసి చేతికిచ్చాను: 'డాక్టరుగారి తల్లి ఇండియా నుంచి వచ్చారు. ఆవిడ స్వయంగా పెట్టిన నిమ్మకాయ పచ్చడి మూలమీది కొట్టులో దొరుకును.'

ఆవిడ 'వచ్చారు' దాకా చదివి, మిగతాది అడ్డంగా కొట్టేసింది.

"అక్కా, పోనీ పచ్చడి పెట్టారని మాత్రం వెయ్యండి. దొరుకును అనద్దు."

"ఊహూఁ."

"వంట బాగా చేస్తారని?"

"షావుకారూ, మీ అత్తగారికి ఇది చదివి వినిపించావా?"

లోపల్నించి మా అత్తగారు కేకేసింది: "నేను అమ్మకానికి పెట్టానని ఎవరన్నారమ్మా?"

ఆవిడ నవ్వితే పెన్సిలు పట్టిన చెయ్యి కూడా కదిలేది.

ఊరందరి సంగతులూ ఆవిడకి తెలుసు. ఆవిడ సంగతి ఎవరికీ తెలియదు. పెళ్ళెందుకు చేసుకోలేదని మా ఆవిడ ఒకసారి అడిగితే, "నా వార్త నీకెందుకే పిల్లా, నీ వార్త చెప్పు," అంది. మా ఆవిడ నెల తప్పిన సంగతి అట్లా నాకన్నా ముందు ఆవిడకి తెలిసింది.

నేను మూడు వారాలకోసారి సరుకు కోసం మూడు గంటల దూరంలోని పెద్ద ఊరికి వ్యాను వేసుకుని వెళ్ళేవాణ్ణి. మూడో ఏడు చలికాలంలో ఒక రోజు, "నేనూ వస్తా, పనుంది," అంది. వెళ్ళేటప్పుడు బాగానే మాట్లాడింది. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చోలేక, వెనక ఖాళీ బుట్టలు సర్దుకుని పడుకుంది. చేతిలో ప్లాస్టిక్ బకెట్. రెండుసార్లు వ్యాను ఆపాను.

"అక్కా, ఏంటిది?"

"రొమ్ములో గడ్డ. సూదులు వేస్తున్నారు. మీ ఆవిడకి తెలుసు, పంపింది తనే. నీకు చెప్పలేదా?"

"లేదు."

"మంచి డాక్టరు." బకెట్ పక్కన పెట్టి అంది: "నీకు చెబుతున్నాను గానీ ఇది అచ్చుకి కాదు. నోటి అచ్చుకి కూడా కాదు."

"మీరంటే ఊరు ప్రాణం పెడుతుంది. తెలిస్తే సాయం చేస్తారు కదక్కా."

"చేస్తారు. అందుకే వద్దంటున్నా." బుట్టల మధ్య నుంచి గొంతు సన్నగా వచ్చింది. "నేను గడప దగ్గర నుంచుంటే వాళ్ళ సంగతులు చెబుతారు. ఇది తెలిసిందంటే నా సంగతి అడుగుతారు. అక్కడితో అయిపోయింది. నేను అడిగేదాన్ని, షావుకారూ. నాకు వేరే ఏమీ లేదు. దాన్ని పోగొట్టకు."

ఒట్టేమీ వేయించుకోలేదు. నేను సరేనన్నాను. ఆవిడకి అది చాలు.

అట్లా అయిదుసార్లు వెళ్ళాం. మిగతా రోజుల్లో డ్యూటీ చేసింది, సోమవారాలు నడిచింది. జుట్టు పలచబడితే నర్సుల టోపీ పెట్టుకుంది. పెన్సిలు చెవి మీదకి మారింది. ఎవరూ గమనించలేదు.

ఆ వసంతంలోనే సిడ్నీ నుంచి కబురొచ్చింది, ఆస్పత్రి వార్డు మూసేస్తారని. మంచాలు ఎత్తేసి, పగటిపూట మందులిచ్చే క్లినిక్కు మాత్రం ఉంచుతారుట. ఇద్దరు అధికారులు వచ్చి ఊరి హాల్లో మీటింగు పెట్టారు. పొలాల నుంచి జనం వచ్చారు. వేలంలో కుక్కని అమ్మని రైతు వచ్చాడు. ఆవిడ మూడో వరసలో కూర్చుని చీటీల మీద రాసుకుంటోంది.

అందరూ మర్యాదగా మాట్లాడారు. అదే వాళ్ళ కొంప ముంచింది. మా అమ్మ ఇక్కడే పోయింది, మా పిల్లలు ఇక్కడే పుట్టారు అన్నారు. అధికారి ప్రతి మాటకీ తలూపి, "మీ బాధ అర్థమైంది. కానీ ఇప్పుడు రోడ్డు బాగుంది, పెద్దాస్పత్రి మూడు గంటలే," అన్నాడు. ఫైలు మూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

కొట్టులో పుట్టినవాడికి ఆ క్షణం తెలుస్తుంది. కొనేవాడు సంచీ సర్దుకుని లేవబోయే క్షణం. అప్పుడు బల్ల కింద దాచిన మంచి సరుకు తీసి ముందు పెట్టకపోతే బేరం పోయినట్టే. నేను లేచాను.

"మూడు గంటలంటున్నారు. ఆ మూడు గంటలు ఎట్లా ఉంటాయో నేను చెబుతాను," అన్నాను. వ్యాను సంగతి చెప్పాను. ఖాళీ బుట్టలు, బకెట్, ఆగిన రెండు చోట్లు, అన్నీ చెప్పాను. పేరు చెప్పలేదు. 'ఈ ఊరికి పద్నాలుగేళ్ళు సేవచేసిన సిస్టరు' అన్నాను. ఆ ఊళ్ళో పద్నాలుగేళ్ళ నుంచి ఉన్న సిస్టర్లు ఎంతమంది?

హాలంతా మూడో వరస వైపు తిరిగింది. ఆవిడ పెన్సిలు ఆగింది. తల ఎత్తలేదు.

అధికారి ఫైలు మళ్ళీ తెరిచాడు. రెండో ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఆరు మంచాలు ఉంచే విషయం పరిశీలిస్తామన్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఎవరెవరో వచ్చి నా వీపు తట్టారు. నిజం చెప్పాలంటే ఆ రెండు నిమిషాలూ నాకు బ్రహ్మాండంగా ఉంది. పన్నెండు అడిగితే ఆరు తెగింది, మా నాన్న చూసి ఉంటే మెచ్చుకునేవాడు అనుకున్నాను.

బయట మెట్ల దగ్గర ఆవిడ చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. వాళ్ళని తప్పించుకుని నా దగ్గరికొచ్చింది. కోపంగా కూడా లేదు.

"నువ్వు బేరం పెట్టింది నీ సరుకు కాదయ్యా," అంది. తెలుగులో. పక్కనున్నవాళ్ళు ఆవిడ నాకు కృతజ్ఞతలు చెప్పిందనుకున్నారు.

ఇంట్లో మా ఆవిడ అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కుంటుంటే అంది: "ఏమండీ, ఆరు మంచాలు నాకూ కావలసినవే. నేను అడిగితే అక్కయ్య తనే ఒప్పుకునేదేమో. మీరు అడిగారా?"

అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. అందుకే అడగలేదు.

ఆ పై సోమవారం ఆవిడ మామూలుగానే నడిచింది. నేను కొట్టు గుమ్మంలోంచి చూస్తున్నాను. మాంసం కొట్టాయన ఆవిణ్ణి చూసి ఏప్రనుకి చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు. "ఏంటి విశేషాలు?" అని ఆవిడ అడిగినట్టుంది. ఆయన ఆవిడ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ గడియారం ఎత్తి చూసింది. ఆయన వదల్లేదు. పోస్టాఫీసు దగ్గర కుర్చీ వేశారు. మందుల షాపులో ఆడవాళ్ళు గొంతు తగ్గించారు. అంతకుముందు గంటన్నర పట్టే వీధి ఆ రోజు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నా కొట్టు దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ ఇంటి వరండా నిండా జనం తెచ్చిన వంటకాల గిన్నెలు. ఊరు మంచిది, చెడ్డదైతే ఇంత బాధ ఉండేది కాదు. ఒకరోజు అవన్నీ కడిగి, నా బల్ల మీద పెట్టించింది, ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యమని. నాతో అన్న మాట అదొక్కటే.

పత్రికలో ఊరి సంగతులు సగమయ్యాయి. తర్వాత నాలుగు వాక్యాలు. ఒక గురువారం వాన కొలత ఒక్కటే వచ్చింది. జనం అది చూసి, "పాపం, ఓపిక లేదు," అనుకున్నారు. ఓపిక ఉంది. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. మీ బాధ ముందు మాదెంత అని, ఎవరికి వాళ్ళు తమ సంగతులు మింగేశారు.

ఏడాది తిరగకుండానే ఆవిడ ఆ వార్డులోనే చేరింది. మేం నిలబెట్టుకున్న ఆరింటిలో ఒక మంచం మీద. రెండు రోజులు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. శనివారం మా ఆవిడ, "మిమ్మల్ని రమ్మంది," అంది.

చిన్నపిల్లంత అయిపోయింది. పక్కన బల్ల మీద చీటీలూ పెన్సిలూ ఉన్నాయి.

"అక్కా, తప్పు చేశాను," అన్నాను.

"తెలుసు. అది పాత వార్త." కళ్ళు మూసుకునే అంది. "నా చెయ్యి ఆడటం లేదు. రాసుకో. ఇంగ్లీషు తర్వాత నువ్వే చేసుకో, నాకిప్పుడు అంత ఓపిక లేదు."

చెప్పింది. రాశాను. మధ్యలో రెండుసార్లు నిద్రపోయింది. అయిపోయాక, "చదువు," అంది.

చదివాను.

"'దురదృష్టవశాత్తూ' అని నేనన్నానా?"

"లేదక్కా. నేనే కలిపాను."

"తీసెయ్."

తీసేసి మళ్ళీ మొదట్నించి చదివాను. అడగవలసిన మాట ఒకటి మిగిలింది. జీవితంలో ఎవర్నీ అడగని మాట.

"వేసుకోనా అక్కా?"

"వేసుకో," అంది.

పత్రిక బుధవారం అచ్చుకెళుతుంది. సోమవారం నేను ఇంగ్లీషు చేసి, వ్యాను వేసుకుని వెళ్ళి ఎడిటరు చేతికిచ్చాను. ఆవిడ మంగళవారం పోయింది. ఎడిటరు ఫోన్ చేసి, మొదటి పేజీ అంతా ఆవిడకే ఇస్తున్నామని చెప్పాడు. "మీరిచ్చింది ఇప్పుడు వేస్తే బాగుండదు. మనిషే లేదు కదా," అన్నాడు. గురువారం పెద్ద ఫొటో వచ్చింది. ధైర్యంగా పోరాడిన దేవత అని, చిరునవ్వు చెరగని త్యాగమూర్తి అని రాశారు. ఒక్క ముక్క కూడా ఆవిడ విన్నది కాదు.

అరటిపళ్ళ దగ్గర అరగంట బేరమాడగల మనిషిని. ఆ ఫోన్‌లో ఎడిటరుతో ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అలాగేనండీ అన్నాను.

ఆవిడ చెప్పింది, నేను రాసుకున్నది, ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించింది ఇదీ:

"ఆస్పత్రి సిస్టరు బుధవారం నుంచి నాలుగో మంచం మీద ఉన్నారు. అది కిటికీ పక్కది. అక్కణ్ణుంచి బస్సు దిగేవాళ్ళు కనిపిస్తారు. ఇహ లేచే ఉద్దేశం లేదు. వార్డు శుభ్రంగా ఉంది, సూపులో ఉప్పు లేదు. వంటకాలు తేవద్దు. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎలా ఉందని అడగనక్కర్లేదు. మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పి వెళితే చాలు."